సాంచా పక్కన సంచి బేరం

‘గన్‌ఫౌండ్రీ... గన్‌ఫౌండ్రీ... దిగేవాళ్లు ముందుకు రండి!’

అబిడ్స్ వైపు పోయే సిటీ బస్సులో కండక్టర్ ఇలా కేకెయ్యగానే పది పదిహేను మంది దిగిపోతారు. బ్యాంకులో పనున్నవాళ్లు, స్కూలు పిల్లలు, ఎల్బీ స్టేడియం చుట్టూ ఉన్న దుకాణాల్లో బ్యాటో బూట్లో కొనుక్కునేవాళ్లు. దిగినవాళ్లలో ‘ఇంతకీ ఇక్కడ గన్నేది, ఫౌండ్రీ ఏది?’ అని అడిగేవాళ్లు మాత్రం కనిపించరు. ఏళ్ల తరబడి అదే స్టాపులో దిగిన నేనూ అడగలేదు, ఈమధ్య మా మేనమామ ఓ చిత్రమైన పని పురమాయించేదాకా.

‘‘ఒరేయ్, నువ్వు రోజూ గాడికెళ్లే పోతవ్ గదా! గన్‌ఫౌండ్రీ దిక్కు తుపాకుల దుకాణం ఏదన్నుంటే జర చూడు. నాకో సంచి గావాలె’’ అన్నాడు ఫోన్‌లో.

‘‘ఏం సంచి మామా? కూరగాయలకా?’’

‘‘కాదురా. తుపాకి ఎనక పెట్టే సంచి!’’

మా మామకు డెబ్భై రెండేళ్లు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. 1970ల్లో నిజాం కాలేజీలో చదివేటప్పుడు ఎన్‌సీసీ కేడెట్. పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకుంటే గురి తప్పేవాడు కాదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఉద్యోగంలో చేరాక ముచ్చటపడి ఓ ఎయిర్ రైఫిల్ కొనుక్కున్నాడు. అది ఇరవై ఏళ్లుగా అటక మీదే ఉంది.

దానికి కారణం చేతి వణుకు. డాక్టర్ దాన్ని ‘ఎసెన్షియల్ ట్రెమర్’ అన్నారట. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండదు. చెయ్యి చాపి ఏదైనా పట్టుకుంటేనే మొదలవుతుంది. గ్లాసు, చెంచా, కలం, తాళం చెవి... ఏది పట్టుకున్నా అంతే. మా అత్తయ్య ఆయనకు సగం గ్లాసే టీ పోస్తుంది. మా బావ ఆ గ్లాసుకు తన చెయ్యి అడ్డం పెడతాడు. చుట్టాలొస్తే మామ అసలు టీయే వద్దంటాడు.

అలాంటి మనిషి ఇప్పుడు తుపాకీ అంటున్నాడు! అసలు సంగతి మనవరాలిది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెల్చినప్పటి నుంచి ఆ పిల్లకు షూటింగ్ పిచ్చి పట్టుకుంది. ఆదివారాలు తాతయ్యే వెంటబెట్టుకుని శిక్షణకు తీసుకెళ్తాడు. అక్కడ ఓ మూల ఒకాయన కుర్చీలో కూర్చుని, రైఫిల్‌ను బల్ల మీద ఆనించి, దాని వెనక చిన్న సంచి పెట్టుకుని తాపీగా కాలుస్తుండటం మామ కంట పడింది.

‘‘నా చెయ్యి వణుకుతది గాని, కన్ను వణుకుతదారా?’’ అన్నాడు నాతో. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే సంచి వెతకడానికి బయల్దేరాను.

ఫిరంగుల అచ్చు

తుపాకుల దుకాణం కంటే ముందు, ఆ ఊరి పేరులోని తుపాకీ సంగతి చూద్దామనిపించింది. గన్‌ఫౌండ్రీకి పాతబస్తీ పెద్దల నోట ఇంకో పేరుంది... ‘తోప్ కా సాంచా’. తోప్ అంటే ఫిరంగి. సాంచా అంటే అచ్చు. ఫిరంగులను పోతపోసిన చోటన్నమాట.

పోయించింది మన వాడు కాదు. మిషెల్ జోషిం మారీ రేమోన్ అనే ఫ్రెంచివాడు. 1755లో ఫ్రాన్స్‌లో పుట్టి, బతుకుతెరువు వెతుక్కుంటూ మన దేశానికి వచ్చి, 1786లో రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. కొద్ది సంవత్సరాల్లోనే పది వేలకు పైబడిన సేనను తయారుచేశాడు. అంత సేనకు ఆయుధాలు కావాలి. ఎవరి దగ్గరో కొనుక్కుంటే వాళ్ల దయ మీద బతకాలి. అందుకే ఫతే మైదాన్ పక్కన ఈ కొలిమి వెలిసింది. ఫిరంగులు, గుండ్లు ఇక్కడే తయారయ్యేవి.

1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో నిజాం ఓడిపోయినా రేమోన్ పరపతి తగ్గలేదు. హిందువులు ఆయన్ని మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. మలక్‌పేట దగ్గరి మూసారాంబాగ్ ఆయన పేరు మీద వెలిసిందే. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. 1798 మార్చిలో రేమోన్ చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లిషువాళ్లతో ఒప్పందం మీద సంతకం చేశాడు. అక్టోబరుకల్లా ఆ ఫ్రెంచి సేన చేత ఆయుధాలు కింద పెట్టించారు. కొలిమి వేడి కూడా ఆ సేనతోనే చల్లారింది.

ఇప్పుడు మిగిలిందల్లా భవనాల మధ్య ఇరుక్కున్న మందపాటి ఇటుక, సున్నం గోడలు. రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో ఇదొకటి. అటు 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా పుట్టి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయిన ఎస్‌బీహెచ్ ఒకప్పటి ప్రధాన కార్యాలయం. ఇటు ఆల్ సెయింట్స్ స్కూలు, మహబూబియా బాలికల విద్యాసంస్థ. వీటన్నిటికీ చిరునామా గన్‌ఫౌండ్రీ. ఆ చిరునామా ఇచ్చిన గోడలకే చూడ్డానికి వచ్చేవాళ్లు తక్కువ.

అక్కడ నిలబడితే చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో చదవని సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఫిరంగి పేల్చగానే గుండు ముందుకు పోతుంది, ఫిరంగి వెనక్కి పోతుంది. ఆ వెనక్కి తన్నే బలాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే దాన్ని చక్రాల బండి మీద పెట్టేవారు. వెనక్కి దొర్లనిచ్చి, మళ్లీ పాత చోటికి తోసుకొచ్చి, మళ్లీ గురిచూసేవారు. ఈ సంగతి మామ సంచికి పనికొస్తుందని అప్పుడు నాకు తెలీదు.

కూర్చుని కాల్చే ఆట

అబిడ్స్ సందుల్లో తిరగ్గా తిరగ్గా ఓ దుకాణం దొరికింది. ఇనుప గ్రిల్ తలుపు, లోపల అద్దాల బీరువా, గోడకు గొలుసు వేసి కట్టిన రైఫిళ్లు. గల్లాపెట్టె దగ్గర తెల్లగడ్డం పెద్దాయన. ‘‘క్యా హోనా సాబ్?’’ అన్నారు. విషయం చెప్పాను. ఆయన నవ్వలేదు. లేచి వెళ్లి మూడు సంచులు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టారు.

ముందు ఈ ఆట గురించి నాలుగు మాటలు. ఒలింపిక్స్‌లో మనం చూసే ఎయిర్ రైఫిల్ నిలబడి కాల్చేది. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెల్చింది అలాగే. ఆ పోటీలో రైఫిల్‌ను దేని మీదా ఆనించకూడదు. మోకాళ్ల మీద కూర్చుని కాల్చే పోటీలో పాదం కింద చిన్న దిండు చుట్ట పెట్టుకోనిస్తారు గానీ, అది మనిషికి ఆసరా, తుపాకీకి కాదు.

బెంచ్‌రెస్ట్ వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో సంఘాలు కట్టుకుని పెంచుకున్న ఆట ఇది. గట్టి బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. రైఫిల్ ముందు భాగం ఓ చిన్న స్టాండు మీద, వెనకనున్న మడమ ఇసుక సంచి మీద ఉంటాయి. మనిషి కండబలంతో పెద్దగా పనిలేదు. రైఫిల్, గాలి, ఓపిక... వీటి మధ్యే పోటీ. ఎయిర్ రైఫిళ్లకు 25 మీటర్ల దూరంలో అంతర్జాతీయ పోటీలు కూడా ఉన్నాయి. వయసు మీదపడ్డవాళ్లు కూడా కుర్రాళ్లతో సమానంగా కూర్చోగల ఆట. మామను పట్టుకున్నది అదే.

‘‘అందరూ ముందు స్టాండు గురించి అడుగుతారు. స్క్రూలు, చక్రాలు, మెరుపు... చూడ్డానికి బాగుంటుంది. గురి తప్పేది మాత్రం వెనక దగ్గరే’’ అన్నారు పెద్దాయన.

అదేంటో లెక్క వేసి చూద్దాం. ముందు ఆసరాకీ వెనక సంచికీ మధ్య దూరం సుమారు అర మీటరు అనుకోండి. మడమ దగ్గర మిల్లీమీటరులో పదో వంతు, అంటే ఓ వెంట్రుక మందమంత కదిలిందనుకోండి. పది మీటర్ల దూరంలోని కాగితం మీద గురి రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది. యాభై మీటర్లలో అయితే సెంటీమీటరు. ఒలింపిక్ ఎయిర్ రైఫిల్ లక్ష్యం మీద ‘పది’ అనే చుక్క వెడల్పు కేవలం అర మిల్లీమీటరు! వెనక వెంట్రుక కదిలితే ముందు మన పది కాస్తా తొమ్మిదైపోవచ్చు.

మూడు సంచులు, ఒక చెయ్యి

బల్ల మీదున్న మొదటిది పిడికిట్లో పట్టేంత మెత్తటి సంచి. ఎడమ చేత్తో పట్టుకుని పిసకాలి. గట్టిగా పిసికితే సంచి పైకి ఉబికి మడమ లేస్తుంది, గొట్టం మూతి కిందికి దిగుతుంది. వదిలితే మూతి పైకొస్తుంది. స్టాండు స్క్రూలు తిప్పే పని లేకుండా గురి సరిచేసుకోవచ్చు. తేలిక, చవక. ఎక్కువ మంది ఇదే కొంటారట.

రెండోది బరువైన తోలు సంచి. పైన కుందేలు చెవుల్లా రెండు ఉబ్బులు, వాటి మధ్య గాడి. రైఫిల్ మడమ ఆ గాడిలో కూర్చుంటుంది, పక్కకు దొర్లదు. అడుగు భాగం వెడల్పుగా, బల్లను అంటిపెట్టుకునేలా ఉంటుంది. ‘‘దీన్ని బల్ల మీద పెట్టి అటూ ఇటూ ఊపి చూడండి. ఊగిందా, ఎంత ఖరీదుదైనా వదిలేయండి’’ అన్నారాయన. ఇంకో పరీక్ష కూడా చెప్పారు. రైఫిల్‌ను గాడిలో వెనక్కీ ముందుకీ జరిపితే తిన్నగా జారాలి. పట్టేస్తే గానీ, ఓ వైపు లాగితే గానీ పనికిరాదు. జారుడుకు కొందరు కాస్త టాల్కం పౌడర్ రాస్తారట.

మూడోది నైలాన్ బట్టతో కుట్టిన విదేశీ సరుకు. లోపల ప్లాస్టిక్ గుళికలు. తేలిక కాబట్టి మోసుకుపోవడానికి హాయి. ధర వింటే మాత్రం బరువే!

నేను మొదటి దాని మీద చెయ్యి వేశాను. చవకైనదీ, ఎక్కువ మంది కొనేదీ కదా!

‘‘కాల్చేది మీరేనా?’’ అన్నారు పెద్దాయన.

మామ చేతి సంగతి చెప్పాను. ఆయన ఆ మెత్తటి సంచి నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేశారు. ‘‘వణికే చేతికి ఇదిస్తే ఆ వణుకంతా సంచిలోంచి మడమలోకి పోతుంది. ఆయన ఎడమ చెయ్యి దేన్నీ పట్టుకోకూడదు. ఊరికే బల్ల మీద పడుకోవాలి. ఎత్తు తగ్గులు ముందు స్టాండు స్క్రూ చూసుకుంటుంది.’’

అంతవరకూ సంచిని ఎంచుకోవడమంటే సంచులను పోల్చి చూడటమే అనుకున్నాను. మనిషిని చూసి ఎంచుకోవాలని అప్పుడు తెలిసింది. చెవుల తోలు సంచి తీసుకున్నాను, ఖాళీది. ‘‘ఇసుక మీరే పోసుకోండి’’ అన్నారు.

అచ్చుదీ ఇసుకే, సంచిదీ ఇసుకే

ఏం పొయ్యాలన్నది పెద్ద చర్చే. ఇంట్లో ఉండే బియ్యం, కందులు పోస్తే కుదరదా? కుదురుతుంది, పురుగు పట్టేదాకా. వానాకాలం చెమ్మ తగిలితే ముద్దకట్టి, ఎలుకలకు విందవుతుంది. రంపపు పొట్టు తేలికైపోతుంది. అన్నిటికంటే నమ్మకమైనది ఇసుకే. కానీ కడగాలి, ఎండబెట్టాలి, జల్లించాలి. మన్ను పొడి ఉంటే కుట్ల సందుల్లోంచి రాలి రైఫిల్‌లోకి పోతుంది. అందుకే లోపల ఇంకో గుడ్డ సంచి, దానికి రెండు వరసల కుట్టు.

పొడి ఇసుక లీటరు కొలతకు సుమారు కిలోన్నర తూగుతుంది. పోటీలకు వెళ్లేవాళ్లు ఇంకా బరువైన ఇసుక వాడతారు. అందులో ఒకటి జిర్కాన్. మామూలు ఇసుక రేణువు నీటికి రెండున్నర రెట్లకు కాస్త పైన బరువుంటే, జిర్కాన్ నాలుగున్నర రెట్లు దాటుతుంది. అదే సంచి, దాదాపు రెట్టింపు బరువు. బల్ల మీద పెడితే కదలదు.

ఇంతకీ జిర్కాన్ ఇసుకను అసలు ఎక్కడ వాడతారో తెలుసా? ఫౌండ్రీల్లో! కరిగిన లోహపు వేడికి తట్టుకుంటుంది కాబట్టి పోత అచ్చుల్లో దాన్ని వాడతారు. మన శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల్లో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు ఈ జిర్కాన్ కూడా ఇసుకలో కలిసి ఉంటుంది. అలాగని బీచ్‌కి వెళ్లి సంచి నింపుకొని రాకూడదు. ఆ ఖనిజాలను తవ్వడానికి అనుమతులు కావాలి.

రేమోన్ కాలంలో ఫిరంగుల పోతకు ఎక్కువగా బంకమట్టి అచ్చులు వాడేవారు. లోహం చల్లారాక అచ్చును పగలగొట్టి ఫిరంగిని బయటికి తీసేవారు. తర్వాత తర్వాత ఇసుక అచ్చులు వచ్చాయి. అంటే ఒకప్పుడు తుపాకీ పుట్టడానికి కావాల్సిన మట్టీ ఇసుకే, ఇప్పుడు అది నిలకడగా కూర్చోవడానికీ కావాలి. సాంచాకీ సంచికీ అచ్చుల్లోనే తేడా!

మేం జిర్కాన్ జోలికి పోలేదు. మామ ఇంటి దగ్గర ఇల్లు కడుతున్నవాళ్లను అడిగి ఓ బకెట్ ఇసుక తెచ్చాం. అత్తయ్య పిండి జల్లెడ ఇవ్వనంది. మనవరాలు పాత దోమతెర ముక్కతో జల్లించింది. మామ స్వయంగా గరాటు పెట్టి పోశాడు. సగం సంచిలో పడింది, సగం నేల మీద. మా బావ గరాటు అందుకోబోతే ‘‘నన్ను పొయ్యనియ్యి’’ అన్నాడు. రోకలితో దంచి దంచి ఇటుకంత గట్టిగా నింపాం.

గట్టిదనం మోసం చేసింది

ఆదివారం ఉదయం రేంజ్‌కి వెళ్లాం. ఇక్కడ ఓ మాట చెప్పాలి. ఎయిర్ రైఫిల్ ఆటబొమ్మ కాదు. దాని గుండు కన్ను పోగొట్టగలదు. మేడ మీదో పెరట్లోనో కాకుండా, వెనక అడ్డుగోడ ఉండి, పర్యవేక్షించే మనిషి ఉన్న చోటే కాల్చాలి. ఇంట్లో ఉంచితే పిల్లల చేతికి అందకుండా తాళం వేసి ఉంచాలి.

మామ కుర్చీలో కూర్చున్నాడు. అటక దిగిన రైఫిల్ ముందు స్టాండు మీద, మడమ తోలు చెవుల మధ్య. ఎడమ చెయ్యి బల్ల మీద పడుకుంది. కుడి మోచెయ్యి ఆనింది. ఆశ్చర్యం... వణుకు చాలా మటుకు సర్దుకుంది. మనవరాలు దుర్భిణిలోంచి చూస్తోంది.

అయిదు గుండ్లు కాల్చాడు. కాగితం తెప్పించి చూస్తే అయిదు చిల్లులు అరచెయ్యంత మేర చెదిరి ఉన్నాయి. మళ్లీ అయిదు. అంతే. మామ ఏం మాట్లాడలేదు. రైఫిల్ పక్కన పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంట్లో చుట్టాల ముందు టీ వద్దన్నప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది.

అక్కడి శిక్షకుడు వచ్చి సంచిని వేలితో నొక్కి చూశాడు. వేలు దిగలేదు. ‘‘సార్, మీ చేతి తప్పు కాదు. ఇది స్ప్రింగ్ రైఫిల్. దీనికి ఇంత గట్టి సంచి పడదు’’ అన్నాడు.

స్ప్రింగ్ రైఫిల్లో ట్రిగ్గర్ నొక్కగానే లోపల బలమైన స్ప్రింగ్ ఓ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. దాంతో రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరికి చేరి ఆగగానే మళ్లీ ముందుకు కుదుపుతుంది. ఈ రెండు కుదుపులూ గుండు గొట్టం దాటకముందే మొదలవుతాయి. గట్టి సంచి మీద పెడితే రైఫిల్ ప్రతిసారీ ఒక్కో తీరుగా ఎగిరిపడుతుంది. గాలిని ముందే నింపుకునే పీసీపీ రైఫిళ్లకు ఈ బాధ దాదాపు ఉండదు. వాటికి గట్టి సంచే మేలు.

‘‘స్ప్రింగ్ రైఫిల్‌ను బిగించి పట్టుకోకూడదు సార్. వదులుగా ఆనించి, దాని ఇష్టానికి వెనక్కి పోనివ్వాలి. ప్రతిసారీ ఒకేలా పోతే ప్రతిసారీ ఒకే చోట తగులుతుంది. దీన్ని ఆర్టిలరీ హోల్డ్ అంటారు’’ అన్నాడు ఆ కుర్రాడు.

ఆర్టిలరీ అంటే ఫిరంగి దళం! తోప్ కా సాంచా గోడల దగ్గర నాకు గుర్తొచ్చిన చక్రాల బండి మళ్లీ గుర్తొచ్చింది. ఆపితే ఆగదు. పోనిచ్చి, తిరిగి అదే చోటికి తెచ్చుకోవాలి. రెండు వందల ఏళ్ల కిందటి ఫిరంగివాళ్లు చేసినదే, ఇప్పుడు డెబ్భై రెండేళ్ల రిటైర్డు గుమాస్తా తన పాత ఎయిర్ రైఫిల్‌తో చెయ్యాలి.

నాంపల్లి సందులో కుట్టు

మర్నాడు ఆ సంచి పట్టుకుని నాంపల్లి స్టేషన్ పక్క సందులో బ్యాగులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లాం. ఈసారి మామ కూడా వచ్చాడు. తెగిన స్కూలు బ్యాగులు, జిప్పులూడిన సూట్‌కేసుల మధ్య కూర్చుని కుడుతున్నాడాయన. తుపాకీ సంచి ఎప్పుడూ కుట్టలేదట. మామ చెప్పింది విని, సంచిని తిప్పి చూసి, ‘‘కింద బరువుండాలె, పైన మెత్తగుండాలె, గంతే గదా!’’ అన్నాడు. ఇన్నాళ్లూ నేను తిరిగి తిరిగి తెలుసుకున్నది ఒక్క ముక్కలో తేల్చేశాడు.

చెవులకూ ఒంటికీ మధ్య అడ్డంగా ఓ కాన్వాసు గుడ్డ వేసి కుట్టాడు. కింది అరలో ఇసుక అలాగే ఉంచాం, బల్ల మీద నిలకడ కోసం. చెవుల్లో ఇసుక తీసేసి, బొమ్మల్లో నింపే ప్లాస్టిక్ గుళికలు బేగంబజార్ నుంచి తెచ్చి ముప్పావు వంతే పోశాం. వేలితో నొక్కితే మెల్లగా దిగుతుంది, తీస్తే మెల్లగా లేస్తుంది. కుట్టుకూలి రెండొందలు. ‘‘గురి కుదిరితే చెప్పి పోండ్రి’’ అన్నాడు, డబ్బులు జేబులో వేసుకుంటూ.

మీ ఇంట్లోనూ ఈ ఆట మీద మనసుపడ్డవాళ్లుంటే సంచి కొనేముందు మూడే ప్రశ్నలు వేసుకోండి. రైఫిల్ ఏ రకం, స్ప్రింగా, పీసీపీయా? కాల్చే మనిషి చేతులు సంచిని పిసకగలవా, పక్కన పడుకోవాలా? రోజూ మోసుకుపోతారా, ఒక చోటే ఉంచుతారా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ధర చీటీ చూడ్డం ఆఖరి పని.

ఇరానీ చాయ్

తర్వాతి ఆదివారం మామ అయిదు గుండ్లు కాల్చాడు. మనవరాలు దుర్భిణిలోంచి చూసి ‘‘తాతా...’’ అని ఆగిపోయింది. కాగితం తెప్పించి పైన రూపాయి బిళ్ల పెట్టి చూశాం. నాలుగు చిల్లులు దాని కింద దాక్కున్నాయి. అయిదోది కాస్త పక్కకు పోయింది. ‘‘గది నాదే. నవ్వొచ్చింది, కదిలిన’’ అన్నాడు మామ. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పతకం కాదు, పోటీ కాదు. అయినా దారంతా జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

తిరిగొస్తూ గన్‌ఫౌండ్రీ దగ్గర కారాపమన్నాడు. యాభై ఏళ్ల కిందట పక్కనే కాలేజీలో చదివినా సాంచా గోడలను ఎన్నడూ చూడలేదట. చూశాడు. ఎక్కువసేపేం కాదు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారపు పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. మనవరాలు రెండు కొనుక్కుంది. నాంపల్లిలో బ్యాగులాయన దుకాణం తెరవలేదు. ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాం.

‘‘నాలుగు చాయ్’’ అన్నాను అలవాటుగా మామను వదిలేసి. ‘‘అయిదు చెప్పు’’ అన్నాడు మామ.

ఇరానీ చాయ్ తెలుసుగా, కప్పు అంచుదాకా పోసి, సాసర్‌లో పెట్టి టక్కున బల్ల మీద వేస్తారు. మా బావ చెయ్యి అలవాటు ప్రకారం తండ్రి కప్పు వైపు వెళ్లింది. మామ దాన్ని పక్కకు నెట్టి ‘‘గా సంచి ఇటియ్యి’’ అన్నాడు.

పాలరాతి బల్ల మీద తోలు సంచి పెట్టుకున్నాడు. ముంజేతిని రెండు చెవుల మధ్య గాడిలో ఆనించాడు. కప్పు అందుకున్నాడు. చెయ్యి కాస్త కదిలింది, సంచి దానితో పాటు కాస్త కదిలింది. తలే వంచి అందుకుని, గుటక వేశాడు. సాసర్‌లో రెండు చుక్కలు పడ్డాయేమో. బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరం ఏమీ అనలేదు.

ఖాళీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాడు ఆ కుందేలు చెవుల్ని వింతగా చూసి ‘‘యే క్యా హై సాబ్?’’ అన్నాడు.

‘‘తోప్ కా సంచి!’’ అన్నాడు మామ. ఇంకో చాయ్ చెప్పాడు.